సెలవుల్లో పిల్లలందరికీ కాగితం పని: ఒకే బల్ల దగ్గర, ఎవరి చేతికి తగ్గట్టు వాళ్లకి

ఒకే వయసు పిల్లలు ఇద్దరుంటే కాగితాలు, కత్తెర ఇచ్చి కూర్చోబెట్టడం పెద్ద విషయం కాదు. మూడేళ్లవాడు, ఏడేళ్ల పాప, పన్నెండేళ్లవాడు ఒకే గదిలో ఉన్నప్పుడే అసలు గొడవ. చిన్నవాడికి సరిపోయే పని పెద్దవాడికి బోరు. పెద్దవాడు జాగ్రత్తగా చేసుకున్నది చిన్నవాడు లాక్కుని చింపేస్తాడు. మధ్యలో పాప ఇద్దరి మీదా ఫిర్యాదులు మోసుకొస్తూ మీ చుట్టూ తిరుగుతుంది.

దీనికి మందుగా ముగ్గురికీ మూడు వేర్వేరు పనులు వెతకొద్దు. అలా చేస్తే మీరు మూడు చోట్ల పరిగెత్తాలి, ఎవరి దగ్గరా రెండు నిమిషాలు నిలవలేరు. ఒకే వస్తువు ఎంచుకోండి. అందులో చింపేది ఒకరు, అంటించేది ఒకరు, కొలిచి కత్తిరించేది ఇంకొకరు. వయసు కంటే చెయ్యి చూసి పని పంచండి. ఐదేళ్లకే చక్కగా కత్తిరించే పిల్లలుంటారు, ఎనిమిదేళ్లొచ్చినా కత్తెరతో కుస్తీ పట్టేవాళ్లూ ఉంటారు. అది తెలివికి సంబంధించిన సంగతి కాదు, వేళ్ల అలవాటు, అంతే.

ఒక్క హెచ్చరిక: పెద్ద పిల్లాడిని చిన్నవాళ్లకి నౌకరుగా మార్చకండి. "తమ్ముడికి కత్తిరించివ్వు, చెల్లికి అంటించివ్వు" అని రోజంతా చెబితే మర్నాడు వాడు బల్ల దగ్గరికి రాడు. వాడికంటూ ఒక కష్టమైన పని ఉండాలి. అలాంటివి చివర్లో చెప్పాను.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

మామూలు ఏ4 తెల్ల కాగితాలు, రెండు వైపులా రంగున్న పల్చటి కాగితాలు, పాత న్యూస్‌పేపర్లు, రెండు మూడు చార్టులు, గ్లూ స్టిక్కులు, మొన మొద్దుగా ఉండే పిల్లల కత్తెరలు, స్కేలు, పెన్సిల్, దారం, పేపర్ క్లిప్పులు, టేపు. స్టాప్లర్ మీ దగ్గరే ఉంచుకోండి.

జిగురు విషయంలో పొదుపు వద్దు. సీసాలో వచ్చే నీళ్ల గమ్ము పల్చటి కాగితాన్ని తడిపి ముడతలు పడేలా చేస్తుంది, ఆరడానికీ టైం పడుతుంది. పిల్లలకి ఆగే ఓపిక ఉండదు కాబట్టి గ్లూ స్టిక్కే మేలు. కత్తిరించే పిల్లలు ఎందరుంటే అన్ని కత్తెరలు ఉండాలి. "మార్చి మార్చి వాడుకోండి" అనేది పెద్దవాళ్ల ఆశ మాత్రమే.

ఎడమచేతి వాటం పిల్లలుంటే వాళ్లకి ఎడమచేతి కత్తెర వేరేగా తెప్పించండి. మామూలు కత్తెరను ఎడమచేత్తో పట్టుకుంటే వేళ్ల ఒత్తిడికి రెండు బ్లేడ్లూ దగ్గరికి రాకుండా ఎడంగా జరుగుతాయి. కాగితం తెగదు, మధ్యలో ఇరుక్కుని వంగిపోతుంది. పాపం ఆ పిల్ల తనకి చేతకాదనుకుంటుంది.

కాగితం గురించి రెండు సంగతులు తెలిస్తే సగం విసుగు తగ్గుతుంది. మొదటిది: ఏ4 అంటే 21 సెం.మీ. వెడల్పు, 29.7 సెం.మీ. పొడవు. దాన్ని అడ్డంగా సగం చేస్తే వచ్చే ముక్క కూడా అదే ఆకారంలో ఉంటుంది, మళ్లీ సగం చేసినా అంతే. అందుకే ఏ4లో సగం మడిచి కార్డు చేసినా, పావు మడిచి చేసినా బొమ్మ వేసుకునే చోటు ఒకే తీరుగా కనిపిస్తుంది. రెండోది: కాగితానికి ఒక వాటం ఉంటుంది. మిల్లులో తయారయ్యేటప్పుడు దాని పీచు ఎక్కువగా ఒకే దిక్కుకి పడుకుంటుంది. పాత న్యూస్‌పేపర్‌ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపి చూడండి. ఒకవైపు సర్రున తిన్నగా చిరుగుతుంది, ఇంకోవైపు వంకరటింకరగా పోతుంది. తిన్నగా చిరిగే దిక్కుకే మడత కూడా నీట్‌గా పడుతుంది. చార్టు లాంటి మందపు కాగితం మడిచేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది.

మడత ఎప్పుడూ బల్ల మీదే వేయించండి, గాల్లో కాదు. మూలకి మూల కలిపి, ఒక వేలితో నొక్కి పట్టి, రెండో చేతి గోటితో మధ్య నుంచి అంచుల వైపు గీకాలి. ఈ ఒక్క అలవాటు వస్తే కింద చెప్పినవన్నీ సగం వచ్చినట్టే.

రెండు మూడేళ్లవాళ్లకి: చింపడమే పని

ఈ వయసులో కత్తెర వద్దు. వద్దన్న పని చేయడం వాళ్లకి ఎలాగూ ఇష్టం కదా, చింపమని మీరే చెప్పండి. న్యూస్‌పేపర్‌ని తిన్నగా చిరిగే వైపు పట్టిచ్చి, మొదటి గాటు మీరు పెట్టివ్వండి. పొడుగాటి పట్టీలు వస్తుంటే వాళ్లు ఆపరు.

చింపిన ముక్కల్ని ఊరికే పారేయకుండా వాడండి. చార్టు మీద పెద్దవాడితో ఒక చెట్టో, చేపో, ఏనుగో పెద్దగా గీయించండి. ఆ గీతల లోపల మీరు జిగురు పులమండి. చిన్నవాడు రంగు ముక్కలు తెచ్చి అతికిస్తాడు. ముక్కకి జిగురు రాయమని వాడికి చెబితే ముక్క కంటే వేళ్లకే ఎక్కువ అంటుతుంది, అందుకే జిగురు చార్టుకి రాయాలి. ముక్కలు గీత దాటి బయటికి పోయినా సరిచేయకండి. చివర్లో ఏడేళ్ల పాప బొమ్మ అంచు వెంట కత్తిరించేస్తే బయటికి పోయినవన్నీ వాటంతటవే తెగిపోతాయి.

ఏది దొరికినా నోట్లో పెట్టుకునే అలవాటు ఇంకా పోకపోతే అరచేతి కంటే చిన్న ముక్కలు అందుబాటులో ఉంచొద్దు. కాగితాన్ని ఉండ చుట్టి బకెట్‌లో వేసే ఆటకీ ఇదే లెక్క, పూర్తి షీటుతో పెద్ద ఉండే చుట్టించండి.

నాలుగైదేళ్లవాళ్లకి: గొలుసు

కాగితం గొలుసు అందరికీ తెలిసిందే. కొలత మాత్రం చెబుతాను. ఏ4 కాగితం పొడుగు వెంట 3 సెం.మీ.కి ఒక గుర్తు పెట్టి అడ్డంగా కత్తిరిస్తే 21 సెం.మీ. పొడవున్న పట్టీలు తొమ్మిది వస్తాయి, చివర 2.7 సెం.మీ. ముక్క మిగులుతుంది. గీతలు గీయడం పెద్దవాళ్ల పని, గీత మీద కత్తిరించడం మధ్యవాళ్ల పని, చుట్టి అంటించడం నాలుగేళ్లవాళ్ల పని. ఒక చివర వేలెడు మేర జిగురు రాసి, రెండో చివర దాని మీదికి తెచ్చి పది అంకెలు లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకోమనండి. అంకెలు కూడా వచ్చేస్తాయి. తర్వాతి పట్టీని ఆ వలయంలోంచి దూర్చాకే అంటించాలి. ఈ వరస మర్చిపోయి విడి వలయాలు పోగేసేవాళ్లే ఎక్కువ. అలా పోగైతే ఏం కాదు, ఒక్కో కొత్త పట్టీతో రెండు విడి వలయాల్ని కలిపేయొచ్చు.

సెలవులు ఎన్ని రోజులో అన్ని వలయాలు చేసి రోజుకొకటి తెంచుకునే పద్ధతి కూడా ఉంది. బడి తెరిచే రోజు దగ్గరవుతోందని గుర్తుచేసే గొలుసు పిల్లలకి నచ్చుతుందా అన్నది మీ ఇంటి సంగతి.

ఐదు నుంచి ఎనిమిది: విసనకర్ర మడతల పువ్వు

ఇంట్లో గోడకి వేలాడదీయడానికి దీన్ని మించింది లేదు. తక్కువ పనితో పెద్దగా కనిపిస్తుంది. కానీ చాలామందికి పువ్వు గుండ్రంగా కలవదు, మధ్యలో ఒక ముక్క తినేసినట్టు ఖాళీ మిగిలిపోతుంది. తప్పు పిల్లల చేతిలో లేదు, కాగితం కొలతలో ఉంది.

ఎలా చేయాలంటే:

1. ఏ4 కాగితాన్ని బల్ల మీద మీకు పొడుగ్గా కనిపించేలా పెట్టండి. కింద 21 సెం.మీ. అంచు ఉంటుంది.
2. ఆ కింది అంచు నుంచి ఒకటిన్నర సెం.మీ. పైకి మడవండి. కాగితం తిప్పండి. మళ్లీ అంతే మడవండి. అలా తిప్పుతూ మడుస్తూ పై అంచు దాకా వెళ్లండి. చివరికి 21 సెం.మీ. పొడవున్న ఒక పట్టీ మిగులుతుంది.
3. ఇలాంటివి రెండు మూడు చేయండి.
4. ఒక్కో పట్టీని సరిగ్గా మధ్యలో దారంతో గట్టిగా కట్టండి. చివరలు రెండూ కత్తెరతో గుండ్రంగానో కోణంగానో కోయండి. అవే రేకుల కొనలు.
5. ప్రతి పట్టీనీ రెండు పక్కలా విసనకర్రలా విప్పండి. పక్కపక్కన ఉన్న అంచుల్ని ఒకదానికొకటి అంటించండి.

ఒక్క ఏ4తో గుండ్రం ఎందుకు రాదో పెద్దపిల్లలతో లెక్క వేయించండి. మధ్యలో కట్టాక ఒక్కో పక్క విసనకర్ర పొడవు 10.5 సెం.మీ. అది అర్ధచంద్రంలా పూర్తిగా తెరుచుకోవాలంటే బయటి అంచు దాదాపు 33 సెం.మీ. ఉండాలి. మన కాగితం మడతలన్నీ చదునుగా లాగేసినా 29.7 సెం.మీ.కి మించదు. అంటే ఎంత లాగినా కలవదు, ఎక్కువ లాగితే చిరుగుతుంది. రెండు కాగితాలు వాడితే చక్కగా కలుస్తుంది. మూడైతే మడతలు దగ్గరగా ఉండి పువ్వు ఇంకా ఒత్తుగా వస్తుంది. అదే కాగితాన్ని రెండో వైపు పెట్టి, అంటే పట్టీ 29.7 సెం.మీ. వచ్చేలా మడిస్తే పువ్వు పెద్దదవుతుంది కానీ రెండు కాగితాలు కూడా చాలవు, మూడు కావాలి. పై తరగతుల్లో వృత్తం చుట్టుకొలత చదువుకున్న పిల్లలుంటే ఈ లెక్క వాళ్లకే వదిలేయండి.

మడతలు అన్నీ సమానంగా రాలేదని చిన్నపిల్లలు ఏడుపు ముఖం పెడతారు. మొదటి నాలుగు మడతలకి పెన్సిల్ గీతలు గీసివ్వండి, తర్వాత వాటి మీదే పెట్టి మడుచుకుంటూ పోతారు.

చేతులు పట్టుకున్న బొమ్మలు

ఏ4ని నిలువుగా సగానికి కత్తిరించి, ఒక పొడుగాటి పట్టీని విసనకర్ర పద్ధతిలో నాలుగు పొరలు వచ్చేలా మడవండి. పై ముఖం మీద ఒక బొమ్మ గీయండి, రెండు చేతులూ రెండు పక్కల మడతల దాకా వెళ్లి తగలాలి. బొమ్మ చుట్టూ కత్తిరించండి కానీ చేతులు మడతకి తగిలేచోట మాత్రం కోయకూడదు. విప్పితే నలుగురు చేతులు పట్టుకుని నిలబడతారు. మడత దగ్గర కోసేస్తే నలుగురూ విడిపోతారు, అప్పుడు టేపు ఉంది. ఒక్కొక్కరికి ఇంట్లోవాళ్ల ముఖాలు, బట్టలు వేయమనండి. మీ బొమ్మ ఎలా వేస్తారో చూడండి, కోపం రాకపోతే మంచిది.

ఆరు రేకుల కత్తిరింపు

ఇది సర్‌ప్రైజ్ కోసం చేసే పని. ఏం వస్తుందో విప్పేదాకా ఎవరికీ తెలియదు. దీనికి పల్చటి కాగితమే వాడాలి, న్యూస్‌పేపర్ కూడా బాగుంటుంది.

ముందు చతురస్రం కావాలి. ఏ4లో ఒక మూలని ఎదురుగా ఉన్న పొడుగు అంచు మీదికి ఐమూలగా మడిచి, అదనంగా మిగిలిన పట్టీని కోసేస్తే 21 సెం.మీ. చతురస్రం వస్తుంది, కొలవక్కర్లేదు. ఇప్పుడు అది ఐమూలగా మడిచిన త్రిభుజంలా ఉంది. దాని పొడుగాటి మడత అంచుకి సరిగ్గా మధ్యలో చిన్న గుర్తు పెట్టండి. ఆ గుర్తు నుంచి కుడి మూలని ఎడమ పక్కకి, ఎడమ మూలని కుడి పక్కకి తేవాలి, మూడు భాగాలూ సమానంగా ఒకదాని మీద ఒకటి పడేలా. ఇక్కడ మొదటిసారి కొంచెం అటూ ఇటూ జరుపుకోవాల్సిందే. కుదిరాకే గోటితో గీకండి. ఇప్పుడు ఆరు పొరలు ఉంటాయి. వేళ్లలో బలం ఉన్న పిల్లలు దాన్ని ఇంకోసారి సగానికి మడవొచ్చు, పన్నెండు పొరలవుతాయి. ఆరేడేళ్లవాళ్లకి ఆరు పొరలే చాలు, పన్నెండు పొరల్లోకి పిల్లల కత్తెర దిగదు.

మొనగా ఉన్న చివర పువ్వు మధ్య భాగం. పైన ఎగుడుదిగుడుగా ఉన్న మూలల్ని ముందు గుండ్రంగా కోసేయండి. తర్వాత రెండు పక్కల మడతల మీద చిన్న చిన్న గాట్లు, త్రిభుజాలు, అర్ధచంద్రాలు. ఒకటే నియమం: ఒక పక్క మడత మొత్తాన్నీ కోసేయకూడదు. మడత కొంతైనా మిగిలి ఉంటేనే రేకులు కలిసి ఉంటాయి. విప్పేటప్పుడు తొందరపడితే చిరుగుతుంది, ఆ పని మాత్రం ఓపికున్న చేతికివ్వండి. విప్పాక ఇస్త్రీ అక్కర్లేదు, బరువైన పుస్తకంలో రాత్రంతా పెడితే చాలు.

గాల్లో తిరిగేవి

బల్ల దగ్గర కూర్చుని కూర్చుని పిల్లలకి కాళ్లు లాగుతుంటే ఇది మొదలుపెట్టండి. ఏడేళ్లు దాటినవాళ్లు సొంతంగా చేసుకోగలరు.

21 సెం.మీ. పొడవు, 5 సెం.మీ. వెడల్పు పట్టీ తీసుకోండి. పై చివర నుంచి సరిగ్గా మధ్యలో 9 సెం.మీ. కిందికి కోయండి, రెండు రెక్కలు వచ్చాయి. ఆ కోత ఆగినచోటికి ఒక సెం.మీ. కింద రెండు పక్కల నుంచీ లోపలికి చిన్న గాట్లు పెట్టండి, ఒక్కో గాటు వెడల్పులో మూడోవంతు. గాట్ల కింది భాగాన్ని రెండు వైపుల నుంచీ లోపలికి మడిస్తే సన్నటి కాడ అవుతుంది. కాడ చివర కొంచెం పైకి మడిచి పేపర్ క్లిప్ పెట్టండి. రెక్కల్లో ఒకదాన్ని ముందుకి, ఒకదాన్ని వెనక్కి వంచండి. చెయ్యి పైకెత్తి వదలండి.

గిరగిరా తిరుగుతూ దిగుతుంది. ఇప్పుడు పిల్లల్ని ఒక్కో మార్పు చేసి చూడమనండి. ముందుకున్న రెక్కని వెనక్కి, వెనక ఉన్నదాన్ని ముందుకి వంచితే తిరిగే దిక్కు మారిపోతుంది. ఇంకో క్లిప్ పెడితే తొందరగా పడుతుంది. రెక్కలు పొట్టిగా కోస్తే కూడా అంతే. ఒకేసారి రెండు మార్పులు చేయొద్దని మాత్రం చెప్పండి, దేనివల్ల ఏమైందో తెలియదు. కుర్చీలు, కిటికీలు ఎక్కి వదలాలనే ఆలోచన ఎలాగూ వస్తుంది, దానికి మీరు పక్కనుండాలి.

కాగితం విమానాలు అందరికీ వచ్చినవే కాబట్టి చేసే పద్ధతి వదిలేస్తున్నాను. పోటీ పెట్టేముందు ఒక సంగతి చెప్పండి: 2022 డిసెంబరులో అమెరికాలో ముగ్గురు ఇంజినీర్ల విమానం 88.31 మీటర్లు ఎగిరి గిన్నిస్ రికార్డు కొట్టింది. అది విన్నాక కనీసం గది దాటించాలనే పట్టుదల వస్తుంది. చిన్నవాళ్లకీ పెద్దవాళ్లకీ ఒకే గీత దగ్గర నుంచి పోటీ పెట్టొద్దు. చిన్నవాళ్లకి నేల మీద పరిచిన చార్టు మీద దింపడం, పెద్దవాళ్లకి దూరం.

ఎనిమిదేళ్లు దాటినవాళ్లకి: ఒక్క కాగితం, ఒక్క కోత, ఎనిమిది పేజీల పుస్తకం

నన్నడిగితే ఈ మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ సేపు పిల్లల్ని పట్టి ఉంచేది ఇదే. పుస్తకం చేయడానికి పది నిమిషాలు, నింపడానికి మధ్యాహ్నమంతా.

1. ఏ4ని పొడుగ్గా, అంటే పొడుగు అంచులు రెండూ కలిసేలా సగానికి మడిచి విప్పండి.
2. ఇప్పుడు పొట్టి అంచులు కలిసేలా సగానికి మడిచి విప్పండి.
3. రెండు పొట్టి అంచుల్నీ మధ్య గీత దాకా మడిచి విప్పండి. ఎనిమిది గళ్లు కనిపిస్తాయి.
4. మళ్లీ పొట్టి అంచులు కలిసేలా మడవండి. మడత ఉన్న వైపు నుంచి, మధ్యలో అడ్డంగా ఉన్న గీత వెంట, ఒక్క గడి దూరం మాత్రమే కోయండి. తర్వాతి గీత రాగానే ఆపాలి.
5. పూర్తిగా విప్పండి. మధ్యలో రెండు గళ్ల పొడవున చీలిక ఉంటుంది. పొడుగు అంచులు కలిసేలా మడిచి, రెండు చివర్లూ చేత్తో పట్టుకుని మధ్యకి నెట్టండి. చీలిక తెరుచుకుని, పై నుంచి చూస్తే కూడిక గుర్తులా నాలుగు రెక్కలు వస్తాయి.
6. అన్ని రెక్కల్నీ ఒకే పక్కకి తిప్పి మూసేయండి. 7.4 సెం.మీ. వెడల్పు, 10.5 సెం.మీ. ఎత్తున్న పుస్తకం తయారు. జిగురు లేదు, పిన్ను లేదు.

నాలుగో మెట్టులో ఎక్కువమంది చేసే పొరపాటు, మడత లేని వైపు నుంచి కోయడం. అప్పుడు చీలిక మధ్యలో రాదు, కాగితం రెండు చివర్లా చీలుతుంది. కోసేముందు "మడత ఎటుంది?" అని ఒకసారి అడగండి.

ముందు పుస్తకం చేసి, పేజీల మీద సన్నగా అంకెలు వేసుకుని, తర్వాత విప్పి రాయమనండి. విప్పి చూస్తే కొన్ని పేజీలు తలకిందులుగా ఉంటాయి, అది మామూలే. ఇంకో లాభం: కాగితం అంతా ఒకే వైపు రాస్తారు కాబట్టి, ఒక పుస్తకాన్ని విప్పి జెరాక్స్ తీస్తే ఎన్ని కాపీలైనా వస్తాయి. రాయడం ఇంకా రాని చెల్లెలు కథ చెబితే అన్న రాయొచ్చు, బొమ్మలు ఆవిడవే.

తొమ్మిదేళ్ల నుంచి: ఒకే ముఖం ఉన్న పట్టీ

రెండు 4 సెం.మీ. వెడల్పు పట్టీల్ని చివరకి చివర అతికించి పొడుగ్గా చేయండి. అలాంటివి మూడు కావాలి. మొదటిది మామూలు వలయంలా కలపండి. రెండోది, మూడోది కలిపేముందు ఒక చివరని అర మెలిక తిప్పి, అంటే పై ముఖం కిందికి వచ్చేలా తిప్పి అతికించండి. అతుకు వెడల్పంతా టేపు వేయాలి, రెండు వైపులా. మధ్యలో ఒక్క చుక్క జిగురుతో సరిపెడితే కత్తెర అక్కడికి రాగానే ఊడిపోతుంది.

మెలిక ఉన్న వలయం మీద పెన్సిల్ ఎత్తకుండా మధ్యలో గీత గీస్తూ పొమ్మనండి. గీత రెండు వైపులా తిరిగి మొదలుపెట్టిన చోటికే వస్తుంది. అంటే ఆ పట్టీకి ఒకటే ముఖం. 1858లో మోబియస్, లిస్టింగ్ అనే ఇద్దరు జర్మన్ గణితవేత్తలు ఎవరికి వారుగా కనిపెట్టిన సంగతి ఇది. మోబియస్ పేరే నిలిచింది.

ఇక కోత. కోసేముందు ఏమవుతుందో ఒక్కొక్కరి చేత కాగితం మీద రాయించండి. మామూలు వలయాన్ని మధ్యలో కోస్తే రెండు వలయాలు, ఇది అందరూ చెబుతారు. మెలిక వలయాన్ని మధ్యలో కోస్తే రెండు రావు, రెట్టింపు పొడవున్న ఒక్కటే వస్తుంది. మూడోదాన్ని అంచు నుంచి మూడోవంతు దూరంలో కోస్తూ పోతే రెండు చుట్లు తిరిగాక, ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్న రెండు వలయాలు వస్తాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పన్నెండేళ్లవాడి ముఖంలోని "ఇవన్నీ చిన్నపిల్లల ఆటలు" అనే చూపు ఇక్కడ పోతుంది.

పెద్దపిల్లలకి: జిగురు లేకుండా పెట్టె

ఇది ఓపిక పని, తమ్ముళ్లూ చెల్లెళ్లూ నిద్రపోయాక ఇస్తే ఇంకా మంచిది. జపాన్‌కి చెందిన సొనోబె అనే ఆయన పేరుతో పిలిచే మడత ఇది. ఒకే రకం ముక్కలు ఆరు చేసి ఒకదాంట్లో ఒకటి దోపితే ఘనాకారపు పెట్టె వస్తుంది. ఒక ఏ4లోంచి 9.9 సెం.మీ. చతురస్రాలు సరిగ్గా ఆరు వస్తాయి, పొడుగున మూడు, అడ్డంగా రెండు. అంటే ఒక్క కాగితానికి ఒక పెట్టె.

ఒక్కో ముక్కకి: చతురస్రాన్ని నిలువుగా సగానికి మడిచి విప్పండి. కుడి, ఎడమ అంచుల్ని మధ్య గీత దాకా, రెండు రెక్కల తలుపు మూసినట్టు మడిచి, మళ్లీ తెరవండి. కుడి పై మూలని, ఎడమ కింది మూలని దగ్గర్లో ఉన్న గీత దాకా చిన్న త్రిభుజాలుగా మడవండి. తలుపులు మూసేయండి. ఇప్పుడు పొడుగాటి దీర్ఘచతురస్రం ఉంది. దాని ఎడమ పై మూలని కుడి అంచు మీదికి, కుడి కింది మూలని ఎడమ అంచు మీదికి ఐమూలగా మడవండి. రెండూ విప్పి, అవే మడతల మీద ఎడమ మూలని కుడి తలుపు కిందికి, కుడి మూలని ఎడమ తలుపు కిందికి దోపండి. ఏటవాలుగా ఉన్న పట్టీ వస్తుంది. వెనక్కి తిప్పి, మొనలుగా ఉన్న రెండు చివర్లని లోపలికి మడిస్తే మధ్యలో చతురస్రం మిగులుతుంది. ఆ మొనలు కొక్కేలు, ముందు వైపు ఏటవాలు చీలికలు జేబులు.

అన్ని ముక్కల్లోనూ మొదట మడిచేది కుడి పై మూల, ఎడమ కింది మూలే కావాలి. ఒక్క ముక్కలో అటుదిటు అయినా దాని కొక్కెం పక్కదాని జేబులోకి ఎక్కదు. గంటసేపు కూర్చుని చేశాక కుదరట్లేదని అలిగితే ముందు చూడాల్సింది ఇదే: అన్నీ ఒకే దిక్కుకి వాలుతున్నాయా అని వరసగా పేర్చి చూడమనండి.

పెట్టె కలిపేటప్పుడు ఒక్కో కొక్కేన్ని పక్క ముక్క జేబులోకి దోపుతూ పోవాలి. చివరి రెండు కొక్కేల దగ్గర మొత్తం విచ్చుకుపోతుంది. అక్కడ రెండో జత చేతులు కావాలి, వెళ్లి పట్టుకోండి.

పెట్టె వచ్చేసిందంటే తర్వాతిది ముప్పై ముక్కల బంతి, అంటే ఐదు ఏ4 కాగితాలు. ప్రతి ముక్కకీ ఇంకో మడత అదనం: ఏటవాలు పట్టీలో మొద్దుగా ఉన్న రెండు మూలల్నీ కలుపుతూ, జేబులున్న వైపుకి మడవాలి. మూడేసి ముక్కలు కలిస్తే ఒక చిన్న శిఖరం, అలాంటి ఐదు శిఖరాలు ఒక చోట కలవాలి. మొత్తం ఇరవై శిఖరాలు. ఒక్కరోజులో అవ్వాలనే రూలేం లేదు. రోజుకి ఆరు ముక్కలు చేసుకుని డబ్బాలో దాచుకోమనండి. ఇక్కడ ఏడేళ్ల పాపకి కూడా పని ఉంది, మొదటి రెండు మడతలు ఆమె వేసిస్తే అన్న మిగతావి వేస్తాడు. అడిగి చేయించుకోవాలి, ఊరికే లాక్కోకూడదు.

బల్ల ఎప్పుడు ఎత్తేయాలి

చిన్నవాళ్లకి పావుగంట, మధ్యవాళ్లకి అరగంట దాటితే చేతులు ఆగుతాయి, నోళ్లు మొదలవుతాయి. గొడవ మొదలయ్యాక కాదు, దానికి కాస్త ముందే ఆపండి. పూర్తికానివి పడేయకుండా ఒక్కొక్కరికి ఒక పాత కవరు ఇచ్చి పేరు రాయించి అందులో పెట్టించండి. మర్నాడు "ఇప్పుడేం చేయాలి?" అన్న ప్రశ్న రాదు.

ముక్కలు ఏరే పని మూడేళ్లవాడికి అప్పగిస్తే సంతోషంగా చేస్తాడు, ఏరిన వాటిని మళ్లీ చల్లుతాడు కూడా, కాబట్టి బుట్ట మీరు పట్టుకోండి. రంగు కాగితాల పట్టీలు వేలెడు పొడవు దాటి ఉంటే వేరే డబ్బాలో వేయండి, రేపు చిన్నవాడు చార్టు మీద అతికించడానికి పనికొస్తాయి. కత్తెరలు ఎన్ని ఇచ్చారో అన్నీ వెనక్కి వచ్చాయో లేదో లెక్క చూసుకోండి. గ్లూ స్టిక్కుల మూతలు పెట్టించండి, రాత్రంతా తెరిచి ఉంచితే పైన ఎండి గట్టిపడతాయి.